చక్కెర మాత్ర గుండెనూ కాస్తుందా? బస్తర్ రోగులకు ఏ మందు, ఏ జాగ్రత్త

బస్తర్‌లో వారపు సంత అంటే ఇప్పపువ్వు, చింతపండు, ఎండుచేపల బేరాలే గుర్తొస్తాయి. 2019 అక్టోబరు 2న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం హాట్ బజార్ క్లినిక్ పథకాన్ని ప్రారంభించాక, సంతకు వచ్చినవారు అక్కడే రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకునే వీలు కలిగింది. ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి వదులుకోవాల్సిన చోట ఇది పెద్ద సదుపాయమే.

అయితే వేలి కొసన తీసిన రక్తపు చుక్క చక్కెర సంగతి మాత్రమే చెబుతుంది, గుండె సంగతి చెప్పదు. మధుమేహంతో పాటు కాళ్ల వాపు, నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం వంటి లక్షణాలు కూడా ఉన్న మనిషికి ఏ చక్కెర మాత్ర ఇస్తున్నారన్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని పంపు చేయలేని స్థితికి గుండె చేరుకోవడం. అప్పుడు ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరుతాయి. మధుమేహం, గుండె వైఫల్యం తరచు జంటగా కనిపిస్తాయి. 2013లో కేరళలోని తిరువనంతపురంలో 1,205 మంది గుండె వైఫల్య రోగుల వివరాలను నమోదు చేయగా, వారిలో సగానికి పైగా మధుమేహులే. ఏడాది తిరిగేసరికి మొత్తం రోగుల్లో దాదాపు మూడో వంతు మంది మరణించారు.

అన్ని మాత్రలూ ఒకటి కాదు

చక్కెరను తగ్గించే మందులన్నీ గుండెకు మేలు చేస్తాయనుకోవడం పొరపాటు. పయోగ్లిటజోన్ మూత్రపిండాల చేత ఉప్పును, దానితో పాటు నీటిని పట్టి ఉంచేలా చేస్తుంది. గుండె వైఫల్యం ఉన్నవారిలో ఇది వాపును, ఆయాసాన్ని పెంచుతుంది. శాక్సాగ్లిప్టిన్‌పై 2013లో వెలువడిన పరీక్షా ఫలితాల్లో, ఆ మందు వాడినవారు గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 27 శాతం పెరిగినట్లు తేలింది. గ్లిమెపిరైడ్ చవకైనదే కానీ, మాత్ర వేసుకుని భోజనం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఒకప్పుడు గుండె వైఫల్యంలో వద్దన్న మెట్‌ఫార్మిన్‌ను మాత్రం, మూత్రపిండాలు బాగా పనిచేస్తూ పరిస్థితి నిలకడగా ఉన్నవారికి ఇప్పుడు ఇస్తున్నారు.

భయపడి చేసిన పరీక్షలో మంచి కబురు

రోసిగ్లిటజోన్ అనే మరో మధుమేహ మందు గుండెకు హాని చేస్తోందన్న అనుమానాలు 2007లో ప్రపంచమంతటా కలకలం రేపాయి. దాంతో కొత్త మధుమేహ మందులు గుండెకు చేటు చేయవని నిరూపించాలని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కోరింది. అలా చేసిన పరీక్షల్లో ఒకటి ఎంపాగ్లిఫ్లోజిన్‌పై జరిగింది. గుండె, రక్తనాళాల జబ్బున్న 7,020 మంది మధుమేహులు అందులో పాల్గొన్నారు. 2015లో ఫలితాలు వచ్చేసరికి పరిశోధకులే ఆశ్చర్యపోయారు. ఈ మందు తీసుకున్నవారిలో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 35 శాతం తగ్గింది.

2019లో డాపాగ్లిఫ్లోజిన్‌ను 4,744 మంది గుండె వైఫల్య రోగులపై పరీక్షించారు. వారిలో సగానికి పైగా మధుమేహం లేనివారే. జబ్బు ముదరడం లేదా గుండె జబ్బుతో మరణించడం 26 శాతం తగ్గింది. చక్కెర ఉన్నా లేకున్నా మేలు ఒకేలా కనిపించింది. దీంతో ఒక చక్కెర మాత్ర గుండె మందుల జాబితాలోకి చేరింది.

ఈ మందుల కథ ఆపిల్ చెట్టు వేరు బెరడుతో మొదలైంది. 1835లో ఆ బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దాని పోలికతోనే నేటి మందులు తయారయ్యాయి. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 గ్రాముల గ్లూకోజును వడగట్టి, తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఈ మందులు ఆ తిరుగు దారిని కొంతవరకు మూసేస్తాయి. గ్లూకోజుతో పాటు కొంత ఉప్పు, నీరు మూత్రంలో వెళ్లిపోతాయి. గుండె, మూత్రపిండాలపై భారం తగ్గుతుంది. మేలుకు మరికొన్ని కారణాలు కూడా ఉన్నాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

బస్తర్‌లో ఏం గమనించాలి?

నీరు పోయేలా చేయడమే ఈ మందు బలం. ఎండలో నీరు తాగకుండా పనిచేసేవారికి, వాంతులు విరేచనాలు అవుతున్నవారికి అదే బలహీనత అవుతుంది. ఫ్యూరోసెమైడ్ వంటి నీరు పోయే మాత్ర కూడా వాడుతుంటే దాని మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

అరుదైనా మరింత ప్రమాదకరమైనది కీటోఅసిడోసిస్, అంటే రక్తం ఆమ్లంగా మారడం. తిండి మానేయడం, జ్వరం, అతిగా మద్యం తాగడం దీనికి దారితీస్తాయి. మలేరియా ఇంకా పూర్తిగా పోని, ఇప్పసారా, జీలుగు కల్లు పండుగల్లో భాగమైన ప్రాంతంలో ఈ మాట రోగికి తప్పక చెప్పాలి. ఈ స్థితిలో చక్కెర మామూలుగానే కనిపించవచ్చు. వేగంగా ఊపిరి పీల్చడాన్ని గుండె ఆయాసమని పొరబడవచ్చు. అందుకే జ్వరమో వాంతులో వచ్చి అన్నం, జావ తినలేని రోజుల్లో ఈ మాత్ర ఆపి, వెంటనే వైద్య సిబ్బందికి చెప్పాలి. తిరిగి బాగా తింటున్నప్పుడే మళ్లీ మొదలుపెట్టాలి. మర్మాంగాల వద్ద దురద, ఫంగస్ రావచ్చు కాబట్టి శుభ్రత అవసరం. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి ఈ మందు సాధారణంగా ఇవ్వరు.

మధ్యభారత గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి మరో చిక్కు తెస్తుంది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాల ఆయుష్షుపై ఆధారపడుతుంది. సికిల్ సెల్ వ్యాధిలో ఆ కణాలు త్వరగా నశిస్తాయి. దాంతో చక్కెర ఎక్కువగా ఉన్నా పరీక్షలో తక్కువగా కనిపించవచ్చు. అలాంటివారికి నేరుగా రక్తంలో చక్కెరను కొలవడమే నమ్మదగినది.

రెండు చీటీలు, ఒకే రోగి

సుక్మా జిల్లా కోంటా, బీజాపూర్ జిల్లా భోపాల్‌పట్నం ప్రాంతాల్లో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. వైద్యం కోసం ఒకసారి జగదల్‌పూర్‌కు, మరోసారి భద్రాచలానికి వెళితే రెండు చీటీలు చేతికొస్తాయి. పేర్లు వేరైనా మందు ఒకటే కావచ్చు. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతో కలిపిన మాత్రలో పయోగ్లిటజోన్ కూడా ఉండవచ్చు. అందుకే వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది.

ధర అడ్డంకి కూడా తగ్గుతోంది. భారత్‌లో డాపాగ్లిఫ్లోజిన్ ప్రధాన పేటెంటు 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాయి. దేశీయ కంపెనీల జెనరిక్ మాత్రలు అందుబాటులోకి వచ్చాయి.

సంతలో చక్కెర పరీక్ష చేసే చోట మరో మూడు ప్రశ్నలు అడగడానికి ఖర్చేమీ కాదు. కాళ్లు వాస్తున్నాయా? నడిస్తే ఆయాసం వస్తోందా? రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు? వీటిలో ఒక్కదానికైనా అవునన్న జవాబు వస్తే, దిండ్ల సంఖ్య పెరిగినా, ఆ రోగిని గుండె పరీక్షకు పంపాలి. మాత్రను ఎంచుకోవడం ఆ తరువాతి పని. తనంతట తానే మందు మార్చుకోవడం కానీ, మానేయడం కానీ రోగి చేయకూడదు.