ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర గంగాజలం

బొంబాయి నగరానికి తలమానికంగా చూపించే కట్టడాల్లో ఫ్లోరా ఫౌంటెన్ ఒకటి. పాతకోటకున్న చర్చిగేటు గుమ్మాన్ని కూల్చేసిన చోట 1860ల్లో కట్టారు. రాయి ఇంగ్లండు నుంచి వచ్చింది, పైన నిలబడ్డది రోమనుల పూలదేవత. ఖర్చులో పెద్ద వాటా కర్సెట్‌జీ ఫర్దూన్‌జీ పారేఖ్ అనే పార్సీ దాతది. (ఈ నగరంలో ఇళ్ళూ రోడ్లూ కట్టను పోయిన మన తెలుగు కూలీల పేరు మిగిలింది ఫౌంటెన్ల మీద కాదు, కామాటిపురా మీద.)

ఈ దొరల అలంకారం జనానిదైంది 1955లో. సంయుక్త మహారాష్ట్ర కోసం నవంబరు 21న అక్కడికి చేరిన జనంమీద పోలీసులు కాల్పులు జరిపితే 15 మంది చనిపోయారు. ఉద్యమం మొత్తంలో పోయిన ప్రాణాలు నూటికి పైనే. రాష్ట్రం వచ్చాక ఆ కూడలి హుతాత్మా చౌక్ అయింది. ఫౌంటెన్ పక్కనే కాగడా ఎత్తిన కార్మికుడూ రైతూ విగ్రహాలై నిలబడ్డారు.

ఆ ఉద్యమం ఎవరిదని మనం అడగాలి. అంబేద్కర్ పెట్టిన షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ సంయుక్త మహారాష్ట్ర సమితిలో భాగం. ఊరూరా పాటతో జనాన్ని లేపిన అన్నాభావు సాఠే మాంగు కులస్తుడు. అంటే ఆ స్మారకంలో మనవాళ్ళ చెమట ఉంది, గొంతు ఉంది.

అయినా 1988లో ఏం జరిగిందో చూడండి. అంబేద్కర్ రాసిన 'హిందూమతంలో చిక్కుముళ్ళు' పుస్తకాన్ని మహారాష్ట్ర ప్రభుత్వం 1987లో అచ్చువేసింది. రాముడూ కృష్ణుడి మీద రాసిన భాగాన్ని తీసెయ్యాలని శివసేన గొడవకు దిగింది. తియ్యొద్దని 1988 ఫిబ్రవరిలో దళితులు లక్షల్లో బొంబాయి వీధుల్లో నడిచారు. వాళ్ళు వచ్చిపోయాక ఆ స్మారకం మైలపడిందని శివసేన నాయకుడొకరు గంగనీళ్ళు చల్లి శుద్ధి చేయించాడు. నగరమంతటిదీ అని చెప్పుకునే రాయి కూడా మనం దగ్గరికొస్తే అంటుపడుతుందన్నమాట! పౌరగర్వం అన్న మాటకు కులం అడ్డుగోడ ఎక్కడుందో ఆ చెంబెడు నీళ్ళు చూపించాయి.

ఇది కొత్త తంతు కాదు. 1927 మార్చి 20న మహాడ్ చవ్‌దార్ చెరువులో అంబేద్కర్ వెంట మనవాళ్ళు నీళ్ళు ముట్టాక, అగ్రకులాలు పేడా పంచితం కలిపిన 108 కుండలతో చెరువును శుద్ధి చేశారు. తర్వాత కోర్టుకెక్కారు. అంటరానివాళ్ళను ఆపే ఆచారం అనాదిగా ఉందన్న వాళ్ళ వాదనను 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తోసిపుచ్చింది. ఆ కోర్టు ఫ్లోరా ఫౌంటెన్‌కు నాలుగడుగుల దూరంలోనే ఉంది.