అప్పునకు ముందే రుసుమా?

ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మన తీరమున యాంత్రిక పడవలును మోటారు పడవలును సముద్రపు వేటకు పోరాదు. మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె మొదలగు నెల్లూరు తీర గ్రామములలో వలలు బాగుచేసికొనుటకు, ఇంజను మరమ్మతునకు ఆ దినములలోనే డబ్బు కావలసియుండును. అట్టి సమయమున సెల్ ఫోనులో "మీకు రెండు లక్షల అప్పు మంజూరైనది, హామీ అక్కరలేదు" అను వార్త కనబడినచో ఎవరికైనను ఆశ కలుగును. ఆ ఆశయే మోసగానికి పెట్టుబడి.

మోసము జరుగు తీరు ఇది. మొదట ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకముల నకళ్లు తెప్పించుకొని, ప్రభుత్వ చిహ్నము గల మంజూరు పత్రమును పంపుదురు. పిదప ఫైలు ఖర్చు క్రింద కొద్ది మొత్తము అడుగుదురు. అది చెల్లించగానే బీమా అనియు, పన్ను అనియు మరికొంత కోరుదురు. ఇదివరకు కట్టినది పోవునేమో యను భయముతో బాధితుడు మరల కట్టును. అప్పు రాదు, ఆ రుసుముల కొరకు ఊరిలో వడ్డీకి తెచ్చిన బాకీ మాత్రము మిగులును. ముద్ర ఋణముల పేర ఇట్టి పత్రములు ప్రచారము కాగా, కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయము అవి నకిలీవని ప్రకటించియున్నది.

నిజమైన ఋణదాతను గుర్తించుట కష్టము కాదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు విధించిన నియమముల ప్రకారము, ఫోను ద్వారా ఇచ్చు అప్పు ఋణదాత ఖాతానుండి నేరుగా ఋణగ్రహీత ఖాతాలో పడవలెను. మధ్యవర్తికి రుసుము ఋణదాతయే చెల్లించవలెను గాని అప్పు తీసికొనువాడు కాదు. వడ్డీ, ఇతర ఖర్చులు అన్నియు ఒక పత్రమున ముందుగా తెలుపవలెను. బ్యాంకులు కొన్ని ఋణములపై రుసుము తీసికొనుట కలదు. కాని దానిని ఏ వ్యక్తి సొంత ఖాతాకో, ఫోను నంబరుకో పంపుమని కోరవు. సందేహము కలిగినచో దగ్గరలోని బ్యాంకు శాఖకు పోయి విచారించవలెను. 2018–19 నుండి కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యము మత్స్యకారులకును, రొయ్యలు, చేపలు పెంచు రైతులకును వర్తించుచున్నదని కూడ వారికి తెలియజేయవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు మూడు గలవు. వేట నిషేధము ఆరంభమగుటకు ముందే గ్రామసభలోను, దండోరా ద్వారాను ఈ సంగతిని చాటించుట మొదటిది. ఓటీపీని, పిన్‌ను ఎవరికిని చెప్పరాదని ఇంటింట తెలుపుట రెండవది. మోసపోయినవారిచేత ఆలస్యము లేకుండ 1930 నంబరునకు ఫోను చేయించి, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇప్పించుట మూడవది. వెంటనే తెలిపినచో సొమ్ము చేతులు మారకముందే ఖాతాను స్తంభింపజేయు అవకాశము కలదు.

ఈ మూడవ పనికి ముఖ్యమైన అడ్డు సిగ్గు. నలుగురు నవ్వుదురని బాధితుడు దాచినకొలది మోసగానికి వ్యవధి దొరకును. కావున మోసపోయి వచ్చినవానిని మందలింపక, మొదట ఫోను చేయించుడు. అప్పిచ్చువాడు ముందుగా అడిగినచో అతడు ఇచ్చువాడు కాడని గ్రామమున ప్రతి ఒక్కరికి తెలిసిననాడు మీ కృషి ఫలించినట్లే.