పసిబిడ్డకు ఎన్ని పొరల బట్టలు?

మే నెల మధ్యాహ్నం. కరెంటు పోయింది. ఉయ్యాలలో మూడు నెలల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఒంటిమీద పొడుగు చేతుల చొక్కా, తలకు ఉన్ని టోపీ, కాళ్లకు సాక్సులు, పైన దుప్పటి. "పిల్ల ఉడికిపోతోందమ్మా, తీసేద్దాం" అంటుంది తల్లి. "పసిపిల్లకు గాలి తగిలితే ఇంకేమైనా ఉందా?" అంటూ అమ్మమ్మ టోపీని ఇంకాస్త కిందికి లాగుతుంది.

పసిపిల్లలున్న చాలా ఇళ్లలో వినిపించే వాదనే ఇది. ఇద్దరిదీ ప్రేమే. ఎవరి మాట సరైనదన్నది మాత్రం బిడ్డ వయసు, గదిలోని వేడి తేల్చాలి.

అమ్మమ్మ భయానికి ఆధారం ఉంది

గిన్నెడు అన్నం కంటే గరిటెడు అన్నం త్వరగా చల్లారుతుంది. శిశువు విషయంలోనూ అంతే. 3 కిలోల బిడ్డ చర్మ వైశాల్యం దాదాపు 0.2 చదరపు మీటర్లు. కిలో బరువుకు లెక్కిస్తే ఇది పెద్దవారి కంటే సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ. అంటే వేడి బయటకు పోయే దారి అంత పెద్దది. పైగా చలివేస్తే పెద్దవారిలా వణికి వేడి పుట్టించుకోవడం నవజాత శిశువుకు చేతకాదు. మెడ చుట్టూ, భుజాల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వును కరిగించుకునే వేడి తెచ్చుకోవాలి. తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టినవారిలో ఆ నిల్వ కూడా తక్కువే.

శిశువు ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకు తగ్గడం ప్రమాదం. అందుకే పుట్టిన 24 గంటల వరకు స్నానం చేయించవద్దని, గది వాతావరణాన్ని బట్టి పెద్దవారి కంటే ఒకటి రెండు పొరలు ఎక్కువ వేసి టోపీ పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లి ఛాతీకి బిడ్డను ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. దాని వెనక ఉన్నదీ ఈ వేడి అవసరమే.

వేసవిలో లెక్క మారుతుంది

బట్ట వేడిని పుట్టించదు. దారాల మధ్య కదలకుండా నిలిచిన గాలి వేడిని పట్టి ఉంచుతుంది. చలికాలంలో కాపాడేది ఈ గుణమే, ఎండాకాలంలో ఇబ్బంది పెట్టేదీ ఇదే.

చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. గది 40 డిగ్రీలకు చేరితే వేడి బయటి నుంచే ఒంట్లోకి వస్తుంది. అప్పుడు చల్లబడటానికి మిగిలే ముఖ్యమైన మార్గం చెమట ఆరడం. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 2,400 జౌళ్ల వేడి పోతుంది. కానీ పసిపిల్లలకు చెమట పట్టే శక్తి పెద్దవారి కంటే తక్కువ. కోస్తాలో ఉక్క వల్ల ఆ కాస్త చెమటా ఆరదు. దానిపైన దుప్పటి కప్పితే ఆ దారీ మూసుకుపోతుంది.

శిశువు చర్మంలో దాదాపు ఐదో వంతు తల మీదే ఉంటుంది. పుట్టిన కొత్తలో టోపీ మేలు చేయడానికి, వేసవిలో అదే టోపీ కీడు చేయడానికి కారణం ఇదే. ఒంటి వేడి పెరగడానికీ, నిద్రలో శిశువుల ఆకస్మిక మరణాలకూ సంబంధం ఉన్నట్లు పరిశోధనలు చూపాయి. అందువల్ల ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు టోపీ వద్దని, పెద్దవారి కంటే ఒక పొరకు మించి ఎక్కువ వేయవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచిస్తోంది. మొదటి సలహాలో దృష్టి అప్పుడే పుట్టిన బిడ్డకు చలి నుంచి రక్షణ మీద ఉంది. రెండోదాని దృష్టి నిద్రలో భద్రత మీద ఉంది.

గుడ్డ రకమూ ముఖ్యమే. నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను గాలి నుంచి పీల్చుకోగలదు. పాలిస్టర్‌కు ఆ శక్తి అర శాతం కూడా లేదు. బారసాలకు, అన్నప్రాశనకు ముచ్చటపడి తొడిగే నెట్ గౌనులో చెమటకాయలు వచ్చేది అందుకే. ఫొటోలు అయ్యాక పలుచని నూలు చొక్కా మార్చితే ముచ్చటా తీరుతుంది, పాపా హాయిగా ఉంటుంది. చలికాలంలో మాత్రం తడి నూలు గుడ్డను ఒంటిమీద ఉంచకూడదు. నిశ్చలమైన గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది.

చేత్తో తాకి చూడాలి

వాదన తేలకపోతే బిడ్డనే అడగవచ్చు. చేతి వెనక భాగంతో పొట్టను, అరికాళ్లను తాకి చూడాలి. రెండూ వెచ్చగా ఉంటే అంతా బాగున్నట్టే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే మరో పొర వేయాలి. రెండూ చల్లగా ఉంటే బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెడ వెనక చెమట, ఎర్రబడిన ముఖం కనిపిస్తే ఒక పొర తీయాలి. బట్టలు తగ్గించి, చల్లని చోటికి మార్చి, పాలు పట్టాక కూడా వేడి 37.5 డిగ్రీలకు మించి ఉంటే వైద్యునికి చూపించాలి. బిడ్డ మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా క్షణం ఆగకూడదు.

ఆ మే మధ్యాహ్నం ఉయ్యాలలోని పాపకు ఒక పలుచని నూలు చొక్కా చాలు. టోపీ, సాక్సులు, దుప్పటి తీసేయమన్న తల్లి మాటే సరైనది. అదే ఇంట్లో మరో బిడ్డ డిసెంబరులో, ఆదిలాబాద్ చలిలో పుడితే టోపీ తెమ్మనే అమ్మమ్మ మాటే వినాలి.