పాత పాటల పెట్టెకు మంచి డాక్టరు కావలెను!

అటక మీద ట్రంకుపెట్టె పక్కన, ఇత్తడి గుండిగ వెనకాల ఒకసారి తొంగిచూడండి. పాత దుప్పటిలో చుట్టిన పెట్టె ఏదైనా కనిపించిందా? అది మీ నాన్నగారో బాబయ్యగారో కువైట్ నించి మోసుకొచ్చిన నేషనల్ పానసోనిక్ టూ-ఇన్-వన్ కావచ్చు. తాతగారి హెచ్.ఎం.వి. రికార్డు ప్లేయరు కావచ్చు. అదృష్టం ఇంకాస్త బాగుంటే మర్ఫీ వాల్వు రేడియోయే కావచ్చు. కిందికి దించారు. దుమ్ము దులిపారు. ఇక ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి...

ఆగండి! ఆ ప్లగ్గు పెట్టకండి!

ఏళ్ల తరబడి మూలపడ్డ సెట్టుకు ఒక్కసారిగా కరెంటు ఇస్తే లోపల ఎండిపోయిన కండెన్సర్లు పేలవచ్చు, ట్రాన్స్‌ఫార్మరు కాలవచ్చు. ముందు దాన్నొక మంచి డాక్టరుకు చూపించాలి. సరే, ఆ డాక్టరు ఎక్కడున్నాడు? ఈ ప్రశ్న ఇప్పుడు కోనసీమలో చాలా ఇళ్లల్లో వినిపిస్తోంది. పాత పాటల మీద మోజు కుర్రకారుకి మళ్లీ వచ్చింది. రికార్డులు దొరుకుతున్నాయి, ప్లేయర్లు దొరుకుతున్నాయి. నమ్మకంగా బాగుచేసే చెయ్యి మాత్రం దొరకడం లేదు!

గల్ఫ్ గాలీ, ఉప్పు గాలీ

మలికిపురం, రాజోలు, సఖినేటిపల్లి... ఈ ఊళ్ల పేర్లు చెబితే కొబ్బరితోటలు ఎంత గుర్తొస్తాయో, గల్ఫ్ ప్రయాణాలూ అంతే గుర్తొస్తాయి. కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లు సెలవుకి వస్తే చేతిలో టేప్ రికార్డరు ఉండాల్సిందే. ఆ రోజుల్లో అది ఇంటి పరువు! 1977లో ‘దాన వీర శూర కర్ణ’ విడుదలయ్యాక ఆ డైలాగులు మైకుసెట్ల మీద మోగని ఊరు లేదు. 1980లో ‘శంకరాభరణం’ వచ్చాక ఆ పాటలు రాని ఇల్లూ లేదు. దర్శకుడు సుకుమార్ సొంత ఊరు మట్టపర్రు ఈ మలికిపురం మండలంలోనిదే. సినిమా అన్నా, పాట అన్నా ఇక్కడివాళ్లు చెవి కోసుకుంటారు.

అయితే సముద్రం పక్కనే ఉందిగా! ఆ ఉప్పుగాలికి ఇనుప తలుపులే తుప్పు పడుతుంటే సెట్టులో సన్నటి తీగలు ఎంత? స్విచ్చిల లోపల చిలుము, స్ప్రింగులకు తుప్పు, టేపు చుట్ట మీద తెల్లటి బూజు. దానికితోడు 1986 గోదావరి వరదలు, 1996 నవంబరు తుపాను చూసిన సీమ ఇది. ఒకసారి నీళ్లలో నానిన సెట్టు పైకి ఎంత తళతళలాడినా లోపలి సంగతి వేరు. అందుకే ఇక్కడి పాత సెట్టుకు పొడినేలల సెట్టుకన్నా ఎక్కువ వైద్యం కావాలి.

పెట్టె పోతే పెట్టె... గొంతు పోతే?

గల్ఫ్ సెట్లు పాటలు వినడానికి మాత్రమే వాడలేదు. ఉత్తరం రాయడం రానివాళ్లు, రాసినా మనసు తీరనివాళ్లు, ఖాళీ క్యాసెట్టులో మాట్లాడి ఊరికి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. “అమ్మా, బాగున్నాను... చిన్నదానికి జ్వరం తగ్గిందా?” వంటి మాటలు. ఇక్కడినించి మళ్లీ జవాబు. ఆ మాటలు చెప్పినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. పాట క్యాసెట్టు పోతే ఆ పాట మరెక్కడైనా దొరుకుతుంది. ఆ గొంతు మాత్రం లోకం మొత్తంలో ఆ ఒక్క క్యాసెట్టులోనే ఉంది!

ఇక్కడొక రహస్యం చెప్పాలి. టేప్ రికార్డరులో ‘హెడ్డు’ అనే చిన్న ముక్క ఉంటుంది. టేపు దాన్ని రాసుకుంటూ వెళ్తేనే ధ్వని పుడుతుంది. ఆ హెడ్డు ఏ కోణంలో నిలబడి రికార్డు చేసిందో, అదే కోణంలో నిలబడి పాడితేనే మాట స్పష్టంగా వస్తుంది. వెంట్రుకంత తేడా వచ్చినా గొంతు దుప్పటి కప్పుకున్నట్టు మందగిస్తుంది. అంచేత ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్టును ఆ పాత సెట్టే అందరికన్నా బాగా పాడుతుంది. ఆ హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను ఓ తొందరపాటు మెకానిక్కు ఇష్టమొచ్చినట్టు తిప్పేశాడా... అంతే! అందుకే మంచివాడు ఆ స్క్రూ ముట్టుకునే ముందు దాని మీద రంగుతో గుర్తు పెట్టుకుంటాడు.

జబ్బేమిటో ముందు మీరు తెలుసుకోండి

డాక్టరు దగ్గరికి వెళ్లి “ఒంట్లో బాగోలేదండి” అంటే చాలదు గదా! సెట్టు సంగతీ అంతే.

పాట సాగుతూ, ఊగుతూ వస్తోందా? చాలావరకు లోపలి రబ్బరు బెల్టు వదులైంది. క్యాసెట్టు లోపల టేపు చుట్టుకుపోతోందా? రబ్బరు రోలరుకు జిడ్డు పట్టడమో, టేపును లాక్కునే బెల్టు చాలకపోవడమో కారణం. గొంతు మందంగా ఉందా? ముందు హెడ్డు తుడవాలి, మార్చడం ఆ తర్వాతి మాట. వాల్యూము తిప్పితే బరబరమంటోందా? ఆ కంట్రోలులో దుమ్ము. పాట వెనక ‘హుమ్ము’మని ఒకటే రొద వస్తోందా? కండెన్సర్ల మీద అనుమానపడాలి. వీటిలో చాలావాటికి సామాను ఖరీదు తక్కువ, ఓపిక ఖరీదు ఎక్కువ!

రికార్డు ప్లేయరు సంగతి వేరు. 78 స్పీడు పాత ప్లేట్ల గాడి వెడల్పు, 45, 33 స్పీడు రికార్డుల గాడి సన్నం. రెంటికీ ఒకే ముల్లు పనికిరాదు. చావి తిప్పే గ్రామఫోను సౌండుబాక్సు వంద గ్రాముల పైచిలుకు బరువుతో ప్లేటు మీద కూర్చుంటుంది. లాంగ్ ప్లే రికార్డు మీద అయిదారు గ్రాములకు మించి బరువు పడకూడదు. ఘంటసాల మాస్టారి లాంగ్ ప్లే రికార్డును ముచ్చటగా ఉంది గదాని తాతగారి గ్రామఫోను మీద పెట్టారో, ఒక్కసారికే గాడి దున్నేస్తుంది.

ఇంకొక హెచ్చరిక. పాత 78 ప్లేట్లు లక్కతో చేసినవి. వాటిని స్పిరిటుతో తుడవకూడదు, లక్క కరిగిపోతుంది. స్పిరిటు టేప్ రికార్డరు హెడ్డుకు మందు, ఈ ప్లేట్లకు విషం. ఈ తేడా తెలియనివాడి చేతికి మీ రికార్డు ఇవ్వకండి.

వెతకవలసింది బోర్డుల్లో కాదు

“ఇక్కడ అన్ని సెట్లూ రిపేరు చేయబడును” అని బోర్డు రాయించుకోవడం తేలిక. ఇప్పుడు సెంటర్లో కనిపించేవి ఎక్కువగా సెల్ ఫోను దుకాణాలు. ఆ కుర్రాళ్ల చేతి పని తక్కువదేం కాదు. భూతద్దం కింద ఆవగింజంత ముక్కని అతికిస్తారు. కానీ ఫోను నడిచేది నాలుగైదు వోల్టుల మీద. వాల్వు సెట్టు లోపల 250, 300 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు తీసేశాక కూడా కండెన్సరులో ఆ కరెంటు దాక్కుని ఉండి కొడుతుంది. ఆ పని తెలిసినవాడే ముట్టుకోవాలి.

మరి తెలిసినవాడు ఎక్కడ? మూడు చోట్ల అడిగి చూడండి. ఒకటి, పెళ్లిళ్లకీ తీర్థాలకీ మైకుసెట్లు కట్టే పాత ఆపరేటర్లు. అహూజా ఆంప్లిఫయరు రాత్రి రెండు గంటలకు పందిట్లో మొరాయిస్తే అక్కడికక్కడే విప్పి పాడించిన చేతులవి. తాము చెయ్యకపోయినా, ఎవరు చేస్తారో వాళ్లకు తెలుసు. రెండు, సినిమా హాళ్లలో ప్రొజెక్టరు, సౌండు చూసుకున్న పాత ఆపరేటర్లు. మూడు, ఐ.టి.ఐ.లో రేడియో, టీవీ ట్రేడు చదివి, చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న మాస్టర్లు. వాళ్లకి బోర్డు ఉండదు. వీధి అరుగు మీద చిన్న బల్ల, దాని మీద టంకం కడ్డీ, అంతే! వెళ్లి “మాస్టారూ, మా తాతగారి సెట్టండీ” అని మర్యాదగా అడగండి. “ఆయ్, తీసుకురండి చూద్దాం” అంటే సగం పని అయినట్టే.

పరీక్ష ఆయనకి, మార్కులు మీకు

దొరికాడు సరే, నమ్మడం ఎలా? ఈ నాలుగూ గమనించండి.

విప్పే ముందు ఆయన అడుగుతున్నాడా? ఎన్నాళ్లయింది వాడి, ఎక్కడ ఉంచారు, నీళ్లు తగిలాయా అని అడిగేవాడు వైద్యుడు. చేతికివ్వగానే “హెడ్డు పోయిందండీ, మొత్తం మార్చాలి” అనేవాడితో జాగ్రత్త!

బల్ల మీద సిరీస్ బల్బు ఉందా? పాత సెట్టుకు నేరుగా కరెంటు ఇవ్వకుండా, మామూలు ఫిలమెంటు బల్బు ఒకదాని గుండా పంపిస్తారు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. అది మెకానిక్కు చెయ్యాల్సిన పని, మీరు ఇంట్లో ప్రయత్నించకండి. ఆ బల్బు బల్ల మీద కనిపించిందంటే మాత్రం ఆయన పద్ధతి తెలిసినవాడని గుర్తు.

పరీక్షించడానికి ఎవరి క్యాసెట్టు వేస్తున్నాడు? తన దగ్గరున్న పనికిమాలిన క్యాసెట్టు వేసి చూసేవాడు మంచివాడు. మీ ఇంటి క్యాసెట్టు అడిగితే ఇవ్వకండి. సెట్టు ఇచ్చేముందే దాన్ని తీసి ఇంట్లో పెట్టుకోండి.

మార్చిన పాత సామాను తిరిగి ఇస్తాడా? ఇమ్మని ముందే చెప్పండి. చీటీ మీద ఏం మార్చాడో, ఎంతయిందో రాయించండి. సెట్టు లోపలి ఫొటో, నంబరు మీ ఫోనులో తీసి ఉంచుకోండి. నమ్మకమున్నవాడు దీనికి కోపగించుకోడు. “ఇది ఇక పనికిరాదండీ, నాకిచ్చెయ్యండి, ఏదో ఇస్తాను” అన్నాడా... నమస్కారం పెట్టి సెట్టు చంకన పెట్టుకుని వచ్చెయ్యండి!

అన్నిటికన్నా పెద్ద గుర్తు మరొకటుంది. “ఇది నాకు రాదండీ” అని చెప్పగలిగినవాడు. రాని పనిలో చెయ్యి పెట్టకపోవడమే ఈ విద్యలో సగం విద్య. అటువంటివాడు దొరికితే మొదట ఒక చిన్న పని, బెల్టు మార్చడంలాంటిది, ఇచ్చి చూడండి. పెద్దది ఆ తర్వాత.

పట్నం తీసుకెళ్లాల్సి వస్తే

ఊళ్లో కుదరకపోతే అటు అమలాపురం, రాజమహేంద్రవరం, ఇటు చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, భీమవరం. ఇవీ కాకపోతే హైదరాబాదు. సామాను కోసం కోఠీ గుజరాతీ గల్లీ. వాల్వు రేడియోల పేరెత్తితే పాతబస్తీ ఛత్తా బజారులోని మహబూబ్ రేడియో సర్వీసు. మర్ఫీ, ఫిలిప్స్, గ్రుండిగ్ సెట్లు అరల నిండా పేర్చిన ఆ చిన్న దుకాణానికి దశాబ్దాలపాటు దూరపు ఊళ్ల నించి జనం రేడియోలు పట్టుకుని వచ్చారు. దాని గురించి పత్రికల్లో ఎన్నోసార్లు రాశారు. ప్రకటనలు కాదు, ఒకరు చెబితే ఒకరు వచ్చారు. నమ్మకం పాకే దారి అదే. చెన్నైలో చుట్టాలుంటే మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్ చూడమనండి. ఎక్కడికైనా ముందు ఫోను చేసి, ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరండి.

బస్సులో తీసుకెళ్లేటప్పుడు రికార్డు ప్లేయరు చెయ్యిని దారంతో కట్టండి, తిరిగే పళ్లేన్ని విడిగా తీసి చుట్టండి. లేకపోతే రాజోలు దాటేలోపే ముల్లు విరుగుతుంది.

సౌదీ నించి వచ్చిన సెట్టయితే వోల్టేజీ చూడండి. అక్కడ కొన్నిచోట్ల 127 వోల్టులు ఉండేవి. కరెంటు సైకిళ్లు అక్కడ 60, మనకి 50. ఎ.సి. మోటారుతో నేరుగా తిరిగే రికార్డు ప్లేయరయితే వేగం ఆరో వంతు తగ్గి, పాట సుమారు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. జానకమ్మ గొంతు మగగొంతులా వినిపిస్తే అది సెట్టు రోగం కాదు, కరెంటు తేడా. మోటారు చక్రం మారిస్తే సరిపోతుంది. ఈ సంగతి తెలియని మెకానిక్కు మొత్తం మోటారే మార్పించేస్తాడు!

బాగయ్యాక మొదట చెయ్యాల్సింది

సెట్టు పాడింది. ఇల్లంతా పండగ. వెంటనే నాన్నగారి గొంతున్న క్యాసెట్టు పెట్టేస్తున్నారా? కాస్త ఓపిక పట్టండి. ఒక వారం పాటు వేరే క్యాసెట్లు పాడించి, టేపు నలగడం లేదని చూసుకోండి. పాత క్యాసెట్టును పెన్సిలుతో మెల్లిగా ఒకసారి అటూ ఇటూ తిప్పి వదులు చెయ్యండి. బూజు కనిపిస్తే తిప్పను కూడా తిప్పకండి, మాస్టారికి చూపించండి. తర్వాత సెట్టు నించి కంప్యూటరుకు తీగ కలిపి, మొదటిసారి పాడేటప్పుడే కాపీ తీసుకోండి. రెండో అవకాశం ఉంటుందో ఉండదో ఎవరికి తెలుసు? ఆ కాపీని అన్నకీ, చెల్లెలికీ, కువైట్‌లో ఉన్న మేనత్తకీ పంపండి.

ఇంకొక్క మాట. ఈ పని తెలిసిన మాస్టర్లు చాలామందికి వయసు మీద పడింది. పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రాళ్లు తక్కువ. సెట్టు ఇచ్చి వచ్చెయ్యకుండా, వీలైతే ఓ గంట అక్కడే కూర్చోండి. బెల్టు ఎలా వేస్తారో, హెడ్డు ఎలా తుడుస్తారో చూడండి, అడగండి. ఈసారి మీ వీధిలో ఎవరైనా “పాత సెట్టు ఎవరు బాగుచేస్తారు?” అని అడిగితే, చూపించడానికి ఒక పేరు... బహుశా మీ పేరే ఉండవచ్చు!