డయాలసిస్‌పై ఉన్నవారి ఆహారం, బరువు: కుటుంబాలూ దాతలూ తెలుసుకోవలసినవి

రోగిని పరామర్శించడం మన ధర్మం మనకు నేర్పిన గొప్ప పుణ్యకార్యం. మా సంస్థ డయాలసిస్ రోగులకు రవాణా ఖర్చులు, మందుల సాయం అందించడం మొదలుపెట్టిన కొత్తలో ఆ ఉద్దేశంతోనే మేము సంచుల నిండా పండ్లు పట్టుకొని డయాలసిస్ కేంద్రానికి వెళ్లేవాళ్లం. అరటిపండ్లు, బత్తాయిలు, ఖర్జూరం పొట్లాలు, ఎండాకాలమైతే కొబ్బరి బోండాలు. ఒకరోజు అక్కడి నర్సమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి, "అన్నా, మీ మనసు మంచిదే. కానీ మీరు తెచ్చినవన్నీ తింటే వీళ్ల గుండెకే ప్రమాదం" అని చెప్పింది. సిగ్గుతో మాకు నోట మాట రాలేదు. సహాయం చేయాలన్న తపన ఉంటే చాలదు, ఏది సహాయమో తెలిసి ఉండాలి అని ఆ రోజు అర్థమైంది.

అప్పటి నుంచి డాక్టర్లనూ డైటీషియన్లనూ అడిగి తెలుసుకున్న సంగతులను, రోగుల ఇళ్లలో మేము చూసిన వాటిని కలిపి ఈ వ్యాసంలో చెబుతున్నాం. ఒక్క మాట ముందే మనవి చేస్తున్నాం. ప్రతి రోగి పరిస్థితి వేరు. ఇక్కడి లెక్కలు విషయం అర్థం కావడానికే. ఎవరికి ఎంత అన్నది వారి రక్త పరీక్షలు చూసి డాక్టరే నిర్ణయించాలి.

యంత్రం చేసేది కొంత పనే

అల్లాహ్ ప్రసాదించిన మూత్రపిండాలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకునే మనిషికి యంత్రం పనిచేసేది 12 గంటలు. రెండుసార్లే వెళ్లేవారికి 8 గంటలు. మిగిలిన సమయమంతా తాగిన నీరు, తిన్న ఉప్పు, పొటాషియం, ఫాస్ఫరస్ ఒంట్లోనే పోగుపడుతుంటాయి. అందుకే డయాలసిస్ రోగికి భోజనం పళ్లెం కూడా చికిత్సలో భాగమే. ఆరోగ్యశ్రీ వచ్చాక చాలా కుటుంబాలకు డయాలసిస్ ఖర్చు భారం తగ్గింది. కానీ ఇంట్లో ఏం వండాలో, ఎంత పెట్టాలో కార్డు చెప్పదు కదా.

తూకంలో రెండు బరువులు

డయాలసిస్‌కు ముందూ తరువాతా రోగిని తూకం వేస్తారు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు, బి.పి. అదుపులో ఉండి, కాళ్ల వాపు, ఆయాసం లేనప్పుడు ఉండే బరువును డ్రై వెయిట్ అంటారు. రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువులో దాదాపు అంతా నీరే. కిలో పెరిగితే లీటరు నీరు చేరినట్టు. ఈ పెరుగుదల సాధారణంగా డ్రై వెయిట్‌లో 4 నుంచి 4.5 శాతం మించకూడదంటారు. అంటే 60 కిలోల మనిషి రెండున్నర కిలోల లోపు ఉండాలి.

మించితే ఏమవుతుంది? యంత్రంతో తీసేస్తారు కదా అని చాలామంది అంటారు. తీయడానికీ ఒక హద్దు ఉంది. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్ల కంటే వేగంగా నీరు లాగితే గుండెకు మంచిది కాదని వైద్యులు చెబుతారు. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో అది సుమారు 3 లీటర్లు. ఐదు కిలోలు పెరిగి వచ్చిన వాడి నుంచి అంతా ఒకేసారి లాగితే బి.పి. పడిపోతుంది, కండరాలు పట్టేస్తాయి, వాంతులవుతాయి. లాగకుండా వదిలేస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి రాత్రి పడుకోనివ్వదు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. మేము సాయం చేస్తున్న ఒక ఆటో డ్రైవర్ సోదరుడి బరువు చాలా నెలలుగా ఒకేలా ఉంది. "తగ్గలేదు, అల్‌హమ్దులిల్లాహ్" అని ఇంట్లోవాళ్లు సంతోషపడ్డారు. కానీ చొక్కా వదులైంది, చెంపలు లోపలికి పోయాయి, రాత్రుళ్లు దిండు ఆనుకొని కూర్చుని నిద్రపోయేవాడు. డాక్టర్ చూసి అసలు సంగతి చెప్పారు. సరిగా తినక కండ కరిగిపోయింది, ఆ ఖాళీలోకి నీరు చేరింది. అంకె మారలేదు గానీ మనిషి మారిపోయాడు. ఆయన డ్రై వెయిట్ తగ్గించి, ఆహారం సరిచేశాకే ఆయాసం పోయింది.

దీనికి తారుమారుగానూ జరుగుతుంది. ఆకలి బాగుపడి నిజంగా కండ పట్టిన మనిషికి పాత డ్రై వెయిట్ ప్రకారమే నీరు లాగితే ప్రతిసారీ కళ్లు తిరుగుతాయి, పిక్కలు పట్టేస్తాయి. కాబట్టి తిండి పెరిగినా తగ్గినా, బట్టలు బిగుతైనా వదులైనా, ఆ మాట డాక్టర్‌కు చెప్పాలి. డ్రై వెయిట్ ఒకసారి రాసి మరచిపోయే అంకె కాదు.

డయాలసిస్ రోగుల్లో సన్నబడటమే ఎక్కువ ప్రమాదం. కాస్త ఒళ్లున్నవారే ఎక్కువ కాలం బతుకుతున్నారని పరిశోధనల్లో తేలింది. కిడ్నీ మార్పిడి కోసమో మరో కారణానికో బరువు తగ్గించాల్సి వస్తే డాక్టర్, డైటీషియన్ పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గాలి గానీ కడుపు మాడ్చుకోకూడదు. ఓపికను బట్టి రోజూ కాసేపు నడవడం కండను కాపాడుతుంది.

పాత చీటీ పారేయండి

మేము ఎక్కువగా చూసిన పొరపాటు ఇది. డయాలసిస్ మొదలవకముందు డాక్టర్లు మాంసకృత్తులు, అంటే ప్రొటీన్, తగ్గించమంటారు. ఆ చీటీ వంటింట్లో అలాగే ఉండిపోతుంది. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ప్రతి డయాలసిస్‌లోనూ రక్తంలోని అమైనో ఆమ్లాలు కొన్ని గ్రాములు బయటకు పోతాయి. అందుకని కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. శక్తి కోసం కిలోకు 25 నుంచి 35 కేలరీలు, అంటే 1,500 నుంచి 2,100 కేలరీలు.

మన ఇంటి వంటతోనే ఇది సాధ్యం. పొద్దున మూడు ఇడ్లీలు, ఒక గుడ్డు, రెండు గుడ్ల తెల్లసొన కలిపితే 19 గ్రాములు వస్తుంది. మధ్యాహ్నం 100 గ్రాముల చేపో కోడిమాంసమో 20 గ్రాములు. రోజు మొత్తంలో మూడు కప్పుల అన్నం 12 గ్రాములు, ఒక కప్పు గట్టి పప్పు 6, అరకప్పు పెరుగు 3. అంతా కలిస్తే 60 అయింది. గుడ్డు తెల్లసొనలో మంచి ప్రొటీన్ ఉంటుంది, ఫాస్ఫరస్ చాలా తక్కువ. పేద కుటుంబానికి ఇంతకంటే చవకైన బలం దొరకదు. ప్రొటీన్ పొడులు మాత్రం డాక్టర్ చెబితేనే కొనాలి.

దాహానికి మూలం ఉప్పు

నీళ్లు తగ్గించమంటే రోగికి అది రోజూ పరీక్షే. సాధారణంగా 24 గంటల్లో వచ్చే మూత్రం ఎంతో కొలిచి, దానికి అరలీటరు నుంచి ముప్పావు లీటరు కలిపి, అంతవరకే తాగమంటారు. టీ, మజ్జిగ, చారు, గంజి, షర్బత్, మందులు మింగే నీళ్లు, ఐసు ముక్క అన్నీ ఆ లెక్కలోవే. జమ్‌జమ్ నీళ్లు కూడా అంతే. అవి శుభప్రదమైనవే గానీ కొలతకు బయట కాదు.

అసలు దాహాన్ని తగ్గించాలంటే ముందు ఉప్పు తగ్గించాలి. ఒంట్లో సుమారు 8 గ్రాముల ఉప్పు మిగిలిపోతే అది లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు తిని నీళ్లు తాగవద్దంటే ఏ మనిషి వల్లా కాదు. రోజుకు అన్నిటిలో కలిపి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు, దాటకూడదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఎండుచేపలు, బేకరీ మిక్చర్ ఆపేస్తే సగం పని అయినట్టే. నిమ్మరసం, వెల్లుల్లి, అల్లం, మిరియాలు, కొత్తిమీరతో రుచి తెచ్చుకోవచ్చు. సైంధవ లవణమూ ఉప్పే. ఇక సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. డయాలసిస్ రోగి దాన్ని ముట్టకూడదు.

ఉదయమే ఒక సీసాలో ఆ రోజు కోటా నీళ్లు పోసుకోవడం, చిన్న గ్లాసు వాడటం, నోరు పుక్కిలించి ఉమ్మేయడం చాలామందికి పనికొచ్చిన ఉపాయాలు. షుగర్ ఉన్నవారికి అది అదుపులో ఉంటే దాహం కూడా తగ్గుతుంది.

పొటాషియం, ఫాస్ఫరస్

పొటాషియం పెరిగితే తరచుగా ముందస్తు హెచ్చరిక ఉండదు, గుండె లయ తప్పుతుంది. చాలామంది రోగులకు రోజుకు 2,000 నుంచి 2,500 మిల్లీగ్రాముల లోపు ఉండమంటారు. ఒక మోస్తరు అరటిపండులోనే 400 దాకా ఉంటుంది. ఒక కొబ్బరి బోండాం నీళ్లలో 500 పైన కూడా ఉండవచ్చు. మా సంచిలో మేము పట్టుకెళ్లింది ఏమిటో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. బత్తాయి రసం, సపోటా, ఖర్జూరం, అంజీర్, కిస్‌మిస్, బాదం, టమాటా, చిలగడదుంప కూడా జాగ్రత్తపడవలసినవే. స్టార్ ఫ్రూట్ అయితే కిడ్నీ రోగికి విషంతో సమానం. పండు తినాలనిపిస్తే ఆపిల్, అనాస, బేరి పండ్లలో ఒక చిన్న ముక్క మేలు.

కూరల్లో బీర, సొర, క్యాబేజీ ఫర్వాలేదు. బంగాళాదుంప, ఆకుకూరల వంటివి వండాలంటే చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి అప్పుడు తాలింపు వేయాలి. నీళ్లు పారబోయకుండా కుక్కర్లో వండితే పొటాషియం కూరలోనే ఉండిపోతుంది. షుగర్ పడిపోయినప్పుడు పండ్ల రసం బదులు కొద్ది నీళ్లలో చక్కెరో గ్లూకోజో కలిపి ఇవ్వాలి.

ఫాస్ఫరస్ మెల్లగా హాని చేస్తుంది. ఒళ్లంతా దురద, ఎముకల నొప్పి, రక్తనాళాలు గట్టిపడటం దాని పనే. దాన్ని డయాలసిస్ పూర్తిగా తీయలేదు. కూల్‌డ్రింకులు, డబ్బా మాంసం, ఛీజ్, కాలేయం, ఎముకల పాయా తగ్గించాలి. ఫాస్ఫరస్‌కు ఇచ్చిన మాత్రలు భోజనంతో పాటు వేసుకుంటేనే పనిచేస్తాయి. ఖాళీ కడుపుతో వేసుకుంటే దండగ.

రంజాన్, పండుగలు

ఏటా రంజాన్‌లో మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. డయాలసిస్ రోగులు ఉపవాసం ఉండటం చాలా ప్రమాదకరమైన కోవలోకి వస్తుందని వైద్యులు చెబుతారు. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో 184, 185 ఆయత్‌లు రోగులకు మినహాయింపు ఇచ్చాయి. కోలుకునే ఆశ లేని రోగి ప్రతి రోజాకు బదులు ఒక పేదవానికి భోజనం పెట్టే ఫిద్‌యా మార్గం ఉంది. తమ విషయం ఆలిమ్‌లను అడిగి తెలుసుకోవాలి. రోజా కోసం, పండుగ నమాజు కోసం డయాలసిస్ మానేయడం మాత్రం ఎన్నటికీ తగదు. ఒళ్లు మన దగ్గరున్న అల్లాహ్ అమానత్.

ఇంటిల్లిపాదీ ఇఫ్తార్‌కు కూర్చున్నప్పుడు రోగిని పక్కన పెట్టలేం, పెట్టకూడదు కూడా. డాక్టర్ సరేనంటే ఒక చిన్న ఖర్జూరం, ఒక గుక్క నీళ్లు సరిపోతాయి. మస్జిద్ గంజి, హలీం రెండు మూడు చెంచాలు రుచి చూడవచ్చు. వాటిలోని ఉప్పు, నీరు ఆ రోజు లెక్కలో వేసుకోవాలి. బక్రీద్ మాంసంలో మెత్తటి ముక్కలు ఇవ్వండి. కాలేయం, పాయా వేరేవారికి పెట్టండి. రెండు డయాలసిస్‌ల మధ్య విరామం ఎక్కువగా ఉన్న రోజుల్లో వలీమా దావత్ వస్తే మరింత జాగ్రత్త అవసరం.

దాతలకు మా మనవి

మేము ఇచ్చే రేషన్ కిట్‌ను మార్చుకున్నాం. డయాలసిస్ రోగి ఉన్న ఇంటికి ఇచ్చే కిట్‌లో పచ్చళ్లు, ఖర్జూరం, డ్రైఫ్రూట్స్ తీసేసి గుడ్లు, బియ్యం, వంటనూనె, నిమ్మకాయలు పెడుతున్నాం. పరామర్శకు వెళ్లే సోదర సోదరీమణులు పండ్ల బదులు గుడ్ల ట్రే పట్టుకెళ్లండి. ఆటో ఖర్చులు భరించండి. ఒక తూకం యంత్రం కొనివ్వండి, రోజూ ఉదయం అంకె రాసుకునే పుస్తకం ఇవ్వండి. ఇంట్లో వంట చేసే తల్లినో ఇల్లాలినో డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. చీటీ చదివేది రోగి కాదు, ఆమె.

మేము నిరుడు వెళ్లినప్పుడు ఆ నర్సమ్మ మా చేతుల్లోని గుడ్ల ట్రేలు చూసి నవ్వింది. వాటిని లోపలికి తీసుకెళ్లడానికి తనే తలుపు తీసి పట్టుకుంది.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. వారికి సేవ చేస్తున్నవారికి సహనాన్నీ, సాయపడేవారికి సరైన తెలివినీ ప్రసాదించుగాక. ఆమీన్.