రాబిన్ మిల్నర్ పరిశోధన: ఏకకాలిక వ్యవస్థల సిద్ధాంతంలో సమానతా భావన

ఉపోద్ఘాతం:

ఒకే సమయంలో పనిచేస్తూ, పరస్పరం సందేశాలు ఇచ్చిపుచ్చుకొనే భాగాలతో ఏర్పడినది ఏకకాలిక వ్యవస్థ. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, బ్యాంకుల కంప్యూటర్ జాలాలు ఈ కోవకు చెందినవే. వీటికి గణిత పునాది వేసిన కృషిలో 1962 నాటి కార్ల్ ఆడమ్ పెట్రీ సిద్ధాంత గ్రంథం, 1978లో టోనీ హోర్ ప్రతిపాదించిన సీఎస్‌పీ ప్రసిద్ధమైనవి. వాటి సరసన నిలిచేది బ్రిటిష్ శాస్త్రవేత్త రాబిన్ మిల్నర్ (1934-2010) కృషి. రెండు వ్యవస్థలు ‘ఒకటే’ అని ఎప్పుడు చెప్పగలం అనే ప్రశ్న ఆయన పరిశోధనకు కేంద్రం. ఆ ప్రశ్న పరిణామక్రమాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

జీవన నేపథ్యం:

కేంబ్రిడ్జిలో పట్టభద్రుడైన మిల్నర్ కొంతకాలం పాఠశాలలో గణితం బోధించి, 1960లో ఫెరాంటి సంస్థలో ప్రోగ్రామర్‌గా చేరాడు. తర్వాత లండన్ సిటీ, స్వాన్సీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలలో పనిచేసి, 1973లో ఎడిన్‌బరో చేరుకున్నాడు. ఆయన పీహెచ్‌డీ చేయలేదు. యంత్ర సహాయంతో నిరూపణలు చేసే ఎల్‌సీఎఫ్, దానికి అనుబంధంగా పుట్టిన ఎంఎల్ ప్రోగ్రామింగ్ భాష, ఏకకాలికతా సిద్ధాంతం అనే మూడు కృషులకు 1991లో ట్యూరింగ్ పురస్కారం పొందాడు.

ప్రమేయ దృష్టి పరిమితి:

ప్రోగ్రాము అంటే ఇచ్చిన విలువ నుండి ఫలితాన్నిచ్చే ప్రమేయం అన్నది అంతవరకు ప్రబలంగా ఉన్న దృష్టి. ‘క్ష’ అనే స్మృతిస్థానంలో 4 ఉంచి, దానికి 1 కలిపే ప్రోగ్రాము ఒకటి. నేరుగా 5 ఉంచే ప్రోగ్రాము మరొకటి. ప్రమేయ దృష్టిలో రెండూ సమానమే. అయితే అదే స్థానంలో 7 ఉంచే మూడవ ప్రోగ్రాము ఏకకాలంలో నడిస్తే, రెండవదాని సందర్భంలో చివరి విలువ 5 లేదా 7 అవుతుంది. మొదటిదాని సందర్భంలో 8 కూడా రావచ్చు. 4 ఉంచిన తర్వాత 7 వచ్చి చేరి, దానికి 1 కలిస్తే 8 అవుతుంది. ఫలితాన్ని మాత్రమే చూస్తే సరిపోదని, ఇతర ప్రక్రియలతో జరిపే సంభాషణను కూడా లెక్కించాలని దీనివల్ల తేలుతుంది.

సీసీఎస్ - సమానతకు కొత్త నిర్వచనం:

ఈ అవగాహనతో మిల్నర్ 1980లో సీసీఎస్ అనే ప్రక్రియా కలనాన్ని గ్రంథరూపంలో వెలువరించాడు. దానిలోని సూక్ష్మతకు ఒక ఉదాహరణ: నాణెం వేశాక టీ, కాఫీలలో ఏది కావాలో ఎంచుకోనిచ్చే యంత్రం ఒకటి. నాణెం పడగానే ఏది ఇవ్వాలో లోలోపల తానే నిర్ణయించుకొనే యంత్రం ఇంకొకటి. రెండింటిలోనూ జరగగల చర్యల వరుసలు ‘నాణెం-టీ’, ‘నాణెం-కాఫీ’ మాత్రమే. కనుక వరుసలనే పోల్చే పద్ధతికి అవి సమానం. వాడుకరికి మాత్రం కావు. మొదటిదానిలో ఎంపిక అతనిది, రెండవదానిలో యంత్రానిది.

ఈ తేడాను పట్టుకోవడానికి మిల్నర్ దశలవారీ నిర్వచనం ఇచ్చాడు. 1, 2, 3 అంటూ ప్రతి పరిమిత దశలోనూ తేడా కనబడకపోతే ప్రక్రియలు సమానం. కానీ ఒక స్థితి నుండి అనంతమైన శాఖలు గల ప్రక్రియల విషయంలో, ఏ పరిమిత దశలోనూ బయటపడని తేడాలు ఉండవచ్చు. 1981లో డేవిడ్ పార్క్ దీనికి పరిష్కారంగా బైసిమ్యులేషన్ భావనను ప్రతిపాదించాడు. ఒక ప్రక్రియ వేసే ప్రతి అడుగుకు రెండవది తగిన అడుగు వేయగలగాలి. చేరుకున్న స్థితులు కూడా అదే సంబంధంలో ఉండాలి. మిల్నర్ తన నిర్వచనాన్ని సమర్థించుకోక, 1989 నాటి గ్రంథంలో సిద్ధాంతాన్ని ఈ భావనపైనే పునర్నిర్మించాడు.

పై-కలనం:

సీసీఎస్‌లో ప్రక్రియల మధ్య అనుసంధానం నడక మధ్యలో కొత్తగా ఏర్పడదు. సంచార టెలిఫోను ఒక కేంద్రం పరిధి నుండి మరొక దానికి మారినట్లు, సంబంధాలే మారే వ్యవస్థలను వర్ణించడానికి అది చాలలేదు. 1992లో యోకిమ్ పారో, డేవిడ్ వాకర్‌లతో కలిసి మిల్నర్ ప్రచురించిన పై-కలనంలో సంభాషణ మార్గం పేరునే సందేశంగా పంపవచ్చు. పేరు అందుకున్న ప్రక్రియ ఆ మార్గంలో సంభాషించగలదు.

ముగింపు:

1989లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన లోటోస్ భాషపై సీసీఎస్ ప్రభావం స్పష్టం. 1995లో కేంబ్రిడ్జికి మారిన తర్వాత కూడా మిల్నర్ బైగ్రాఫులనే మరింత విస్తృత నమూనాపై పనిచేశాడు. ప్రమేయం నుండి సంభాషణకు, స్థిర సంబంధాల నుండి చర సంబంధాలకు సాగిన ఈ పరిశోధనలో, ప్రతి దశా ముందటి నిర్వచనం ఎక్కడ చాలదో గుర్తించడంతోనే మొదలైంది.