ముట్టుకోవద్దంటే... ఆపేసింది!

గదిలో ఎవరూ లేరు. ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతోంది. తాతయ్య చూశారంటే ఊరుకుంటారా? ‘బిల్లు ఎవరు కడతారు’ అంటూ వెళ్లి స్విచ్చి ఆపేస్తారు. ల్యాప్‌టాప్‌లోనూ అలాంటి తాతయ్య ఒకరుండాలి. లేకపోతే బ్యాటరీ ఇట్టే ఖాళీ అయిపోతుంది. ఆ బాధ్యత కెర్నెల్‌ది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్ అది. మరి ఆ కెర్నెలే పొరబడితే? 2011లో లినక్స్ విషయంలో అదే జరిగింది.

కునుకు తీయనివ్వాలి!

ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్‌కి ఇప్పుడు వేలమంది ప్రోగ్రామర్లు మెరుగులు దిద్దుతున్నారు. అది చక్కబెట్టే పనుల్లో పొదుపు ఒకటి. ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు, గ్రాఫిక్స్ చిప్ లాంటివాటిని ప్రాసెసర్‌తో కలిపే దారుల్ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు. సమాచారమేదీ వెళ్లకపోయినా అవి మేలుకుని ఉంటే చాలు, కరెంటు ఖర్చవుతుంది. అందుకే పనిలేనప్పుడు వాటిని కునుకు తీయనిచ్చే ఏర్పాటు ఉంది. పేరు ఏఎస్‌పీఎం. అయితే కొన్ని పరికరాలకు ఈ కునుకు పడదు. మొత్తం యంత్రమే బిగుసుకుపోవచ్చు. అందుకని, ‘ఇక్కడ ఏఎస్‌పీఎం లేదు’ అని కెర్నెల్‌కి చెప్పే వీలు బయోస్‌లో ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నిద్రలేచేది ఈ బయోసే.

తిరకాసంతా ఇక్కడే. కొన్ని ల్యాప్‌టాపుల్లో బయోస్ ‘లేదు’ అంటూనే, మరోపక్క కొన్ని దారులకు తనే ఆ ఏర్పాటు చేసేసేది. పాత కెర్నెల్ వాటి జోలికి వెళ్లేది కాదు. మాథ్యూ గారెట్ అనే ప్రోగ్రామర్‌కి దీనివల్ల సమస్యలు రావచ్చనిపించింది. బయోస్ లేదన్నచోట పూర్తిగా ఆపేసేలా కోడ్ మార్చారు. 2011 మార్చిలో వచ్చిన 2.6.38 వెర్షన్‌లో ఆ మార్పు చేరింది. అంతే, నిన్నటిదాకా బాగున్న కొన్ని ల్యాప్‌టాపుల్లో బ్యాటరీ త్వరగా అయిపోసాగింది.

దొంగ దొరికాడిలా...

రెండు వెర్షన్ల మధ్య వేల మార్పులు. తప్పెక్కడో? కంప్యూటర్ల పనితీరును పరీక్షించే మైఖేల్ లారాబెల్ కరెంటు మీటరుతో వెతుకులాట మొదలుపెట్టారు. మార్పుల వరసను సగం చేసి కొలవాలి. తేడా ఏ సగంలో ఉందో చూసి, దాన్ని మళ్లీ సగం చేయాలి. ఇలా వెళ్తే పదివేల మార్పులున్నా పద్నాలుగు కొలతల్లో దొంగ దొరికిపోతాడు. అదే ఏడాది జూన్‌కల్లా దొరికాడు. అది గారెట్ చేసిన మార్పే!

ఏఎస్‌పీఎంను బలవంతంగా పనిచేయించే ఆదేశం ఒకటి కెర్నెల్‌లో ఉంది. కానీ దానివల్ల యంత్రం బిగుసుకుపోయే ప్రమాదమూ ఉంది. అది మందు కాదు, చిట్కా మాత్రమే.

అసలు మందు కనిపెట్టిందీ గారెట్టే. విస్టా గురించి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఓ ప్రెజెంటేషన్‌లో ఆయనకు ఆధారం దొరికింది. బయోస్ అధికారం అప్పగిస్తే తప్ప విండోస్ ఆ అమరికల్ని ముట్టుకోదని దాన్నిబట్టి అర్థమైంది. అంటే బయోస్ మాటకు ‘ఆపేయ్’ అని కాదు, ‘ముట్టుకోకు’ అని అర్థం! తన పొరపాటును ఒప్పుకుంటూ 2011 నవంబరులో కోడ్‌ని తిరగరాశారు. ఆ కోడ్ ప్రకారం, అధికారం చేతికొస్తేనే కెర్నెల్ ఆ అమరికల్ని తుడిచేసేది, లేదంటే ఉన్నవి ఉన్నట్టే వదిలేసేది. 2012 మార్చిలో విడుదలైన 3.3 వెర్షన్‌తో ఆ మార్పు అందరికీ అందింది.

‘ఫ్రిజ్ జోలికి వెళ్లకు’ అని అమ్మ చెబితే, దాని ప్లగ్ పీకేయమని కాదుగా!